కుసుమ పూరేకులు - పక్షవాతము: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

జనవరి మాసములో మక్తల్, నారాయణపేట వైపు నల్లరేగడి చేల నడుమ పోవువారికి అక్కడక్కడ కుసుమ చేలు కనుపించును. దూరమునుండి చూచిన పసుపు ఆరబోసినట్లుండును. దగ్గరకు పోయిన పసుపురంగు పూవులతోపాటు నారింజరంగునకు తిరిగినవి, ఎరుపెక్కి వాడినవి కూడ ఒకే మొక్కపై ఉండును. గింజకొరకు పండించు రైతు ఈ పూరేకులను లెక్కచేయడు. అవి ఎండి గాలికి రాలిపోవును, లేదా నూర్పిడిలో పొట్టుతో కలిసిపోవును. ఈ రాలిపోవు రేకులలోనున్న ఒక పదార్థముపై, పక్షవాతము వచ్చినపుడు మెదడును కాపాడగలదేమో యని, కొన్ని దశాబ్దములుగా పరిశోధనలు జరుగుచున్నవి. ఆ సంగతి ఎంతవరకు నిజము, ఎక్కడ ఆగిపోవును, రైతు దానిని ఎట్లు అర్థము చేసికొనవలెను అను విషయములు ఈ వ్యాసములో తెలుపుచున్నాను.

ఇది వ్రాయుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా చెప్పుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో యాసంగి పంటలపై రైతుల సమావేశము జరిగినది. కుసుమ సాగును ప్రోత్సహించుటకు నేను దాని లాభములు వరుసగా చెప్పుచు, చివరకు, "చైనాలో ఈ పూరేకులను పక్షవాతపు మందులలో వాడుతారు" అని కూడ అంటిని. మాట నిజమే. రైతులు ఆసక్తితో వినిరి, ఒకరిద్దరు పూరేకులు ఏరి నీడన ఆరబెట్టుకొనిరి. సభ బాగా జరిగినదని నేను సంతోషించితిని.

మరుసటి యేడు ఆ గ్రామమునకు పోయినపుడు, ఆనాడు ముందు వరుసలో కూర్చున్న రైతు ఒకరు ఇంటి అరుగుమీద చేతికర్రతో కూర్చుని యుండెను. ఏబది దాటిన మనిషి. ఒకనాడు తెల్లవారుజామున ఎడ్లకు మేత వేయుచుండగా ఎడమచేయి జారిపోయినది, నోరు ఒక ప్రక్కకు లాగినది, మాట ముద్దముద్దగా వచ్చినది. కుమారుడు హైదరాబాదులో పనిలో ఉండెను. ఇంటివారు ఆయనను పండుకొనబెట్టి, ఆముదము కాచి చేతికి కాలికి మర్దన చేసిరి. డబ్బాలో దాచుకొన్న కుసుమ పూరేకులను నీటిలో మరగించి పూటకొక గ్లాసు త్రాగించిరి. సాయంత్రమునకు కాలు కూడ లేవలేదు. మరునాటి మధ్యాహ్నమునకు గాని ఆటోలో ఆసుపత్రికి చేరలేదు. అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగినది, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని. నిన్న తెల్లవారుజామున అని చెప్పగా, గడ్డను కరిగించు సూదిమందుకు గడువు దాటిపోయినదని ఆయన చెప్పెను.

ఆ రైతు భార్య ఈ సంగతులన్నియు నాకు చెప్పి, "మీరే జెప్తిరి గద సారూ, గీ పూలు పచ్చవాతానికి మందని. గందుకే పోసినం" అన్నది. ఆమె కోపముతో అనలేదు. జరిగినది చెప్పినది, అంతే. నేను చెప్పినదానిలో అబద్ధము లేదు గాని, చెప్పవలసినదానిలో సగము చెప్పలేదు. ఆ మిగిలిన సగము ఇది.

పక్షవాతములో మెదడునకు ఏమగును?

చెరువు తూమునుండి కాలువ, కాలువనుండి పిల్లకాలువలు, వాటినుండి మడులకు నీరు పారును గదా. మెదడునకు రక్తనాళములు అట్టివే. ఒక పిల్లకాలువకు మట్టిపెళ్ళ అడ్డుపడినచో దాని క్రింది మడి ఎండును. మెదడులో రక్తపు గడ్డ నాళమునకు అడ్డుపడినపుడు ఇదే జరుగును. పక్షవాతపు కేసులలో ఎక్కువ భాగము ఇట్టివే. రెండవ రకము, గట్టు తెగినట్టిది. రక్తపుపోటు ఎక్కువై నాళము చిట్లి, రక్తము మెదడులోనికి కారును. బయటకు చూచువారికి రెండును ఒకే తీరుగ కనుపించును. చేయి పడిపోవుట, మూతి వంకరపోవుట, మాట తడబడుట రెండింటిలోను ఉండును. నాడి పట్టిగాని, కన్ను చూచిగాని ఏది ఏదో నిశ్చయముగా చెప్పుట ఎవరి తరము కాదు. తలకు స్కాన్ తీసిన తరువాతనే తెలియును.

అడ్డుపడిన కాలువ సంగతే ఇంకొంచెము చూడుడు. నీరు ఆగిన మడి మధ్యభాగము త్వరగా ఎండిపోవును. అంచులలోని పైరు మాత్రము ప్రక్క మడులనుండి ఊటగా వచ్చు తేమతో వాడియు చావక కొంతసేపు నిలిచియుండును. ఈలోగా పెళ్ళను తీసి నీరు వదలినచో అంచుపైరు బ్రతుకును, ఆలస్యమైనచో అదియు పోవును. మెదడులో కూడ గడ్డ అడ్డుపడిన చోట మధ్యభాగము నిమిషములలో చచ్చిపోగా, దాని చుట్టునున్న భాగము ప్రక్క నాళములనుండి వచ్చు కొద్దిపాటి రక్తముతో కొన్ని గంటలు ప్రాణము నిలుపుకొనును. వైద్యులు చేయు ప్రయత్నమంతయు ఈ చుట్టుభాగము కొరకే. పెద్ద నాళము మూసికొనిపోయిన సగటు రోగిలో నిమిషమునకు సుమారు 19 లక్షల మెదడు కణములు నశించునని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్కగట్టెను. మన రైతు ఇంటివద్ద పడియున్న కాలమును ఈ లెక్కన గుణించిచూడుటకు నాకు మనసొప్పలేదు.

గడ్డను కరిగించు సూదిమందు పనిచేయునని 1995లో అమెరికాలో రుజువైనది. అప్పుడు గడువు 3 గంటలే. 2008లో ఐరోపాలో జరిగిన పరీక్షతో అది నాలుగున్నర గంటలకు పెరిగినది. పెద్ద నాళములోని గడ్డను సన్నని గొట్టముద్వారా లాగివేయు పద్ధతి 2015నుండి స్థిరపడినది. స్కాన్‌లో అనుకూలముగా కనుపించిన కొందరికి 24 గంటలవరకు కూడ అది చేయుచున్నారు. అయితే అది పెద్ద ఆసుపత్రులలోనే సాధ్యము.

పూరేకులలో ఉన్నదేమి?

కుసుమ పువ్వు అనునది నిజమునకు ఒక పువ్వు కాదు. పొద్దుతిరుగుడువలె అనేకములైన చిన్న పూవుల గుత్తి. రెండును ఒకే కుటుంబపు మొక్కలు. కుసుమ రేకులలో రెండు తీరుల రంగులు గలవు. ఒకటి నీటిలో కరగని ఎరుపు, రెండవది నీటిలో కరగు పసుపు. పూర్వము నేతగాండ్రకు కావలసినది ఎరుపు. పసుపురంగును పలుమార్లు కడిగి పారబోసి, మిగిలిన ఎరుపుతో బట్టలకు అద్దకము వేసెడివారు. కుసుంబా రంగు అనునది అదే. 1856లో ఇంగ్లండులో మొదటి కృత్రిమ రంగు పుట్టిన తరువాత ఆ వ్యాపారము క్రమముగా పడిపోయి, కుసుమ మనకు నూనెగింజ పంటగా మాత్రమే మిగిలినది.

విశేషమేమనగా, నేతగాండ్రు పారబోసిన ఆ పసుపు నీటిలోనే పరిశోధకులు వెదకునది ఉన్నది. దానిపేరు హైడ్రాక్సీ సాఫ్లర్ ఎల్లో ఏ. నోరు తిరుగని పేరు గనుక ఇకమీద పసుపు పదార్థమనియే వ్రాయుదును. చైనా సంప్రదాయ వైద్యములో కుసుమ పూరేకులను రక్తప్రసరణకు మంచిదని చిరకాలముగా వాడుచున్నారు. ఆ నమ్మకములో నిజమెంతయని అక్కడి శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షించిరి. ఎలుక మెదడులోని ఒక నాళమును మూసివేసి, కొన్నింటికి ఈ పదార్థమును సూదిద్వారా ఎక్కించి, కొన్నింటికి ఎక్కించక, తరువాత మెదడులో చచ్చిన భాగమెంతయో కొలిచిరి. ఎక్కించిన ఎలుకలలో అది తక్కువగా ఉండెను. రక్తపు కణికలు ఒకదానికొకటి అంటుకొనకుండ చేయుట, రక్తము ఆగిన భాగములో పుట్టు విషపదార్థములను అణచుట, వాపును తగ్గించుట అను మూడు మార్గములలో అది పనిచేయుచున్నట్లు కనుగొనిరి.

చైనాలో కుసుమ పసుపును శుద్ధిచేసిన సూదిమందును గుండెనొప్పికి ఆసుపత్రులలో వాడుచున్నారు. పక్షవాత రోగులపై కూడ అక్కడ పరీక్షలు జరిగినవి. మన ఆసుపత్రులలో మాత్రము ఇది పక్షవాతమునకు ప్రామాణిక చికిత్స కాదు.

సభలో నేను చెప్పక విడిచిన మొదటి సంగతి ఇది. ఆ పదార్థమును ఎలుకలకు సూదిద్వారా రక్తములోనికి ఎక్కించిరి, త్రాగించలేదు. నోటిద్వారా పోయినచో అది పేగులనుండి రక్తములోనికి బహుకొద్దిగా మాత్రమే చేరును. గుప్పెడు రేకులు మరగించిన నీటిలో రంగు దండిగా దిగును గాని, ఆ రంగులో మెదడుదాక పోవునది లెక్కలోనికి రానంత. పసుపుకొమ్ములోని కుర్కుమిన్ సంగతియు ఇంతే. ఎలుకలలో చక్కని ఫలితములు వచ్చినవి, మనిషి తిన్నపుడు రక్తములోనికి సరిగా చేరదు.

రెండవ సంగతి మరింత ముఖ్యము. రక్తము గడ్డకట్టకుండ చేయు గుణము, గడ్డవలన వచ్చిన పక్షవాతములో మేలు కావచ్చును. నాళము చిట్లి రక్తము కారుచున్నపుడు అదే గుణము కీడు. గట్టు తెగిన కాలువకు తూము ఇంకా ఎత్తినట్లగును. స్కాన్ తీయక ముందు ఇది గడ్డయో, చిట్లుటయో ఎవరికిని తెలియదు. అందుచేత కుసుమ కషాయమే కాదు, ఆస్పిరిన్ మాత్ర కూడ ఇంటివద్ద ఇవ్వరాదని వైద్యులు చెప్పుచున్నారు. గుండెజబ్బుకు రక్తము పలుచబడు మాత్రలు వాడుచున్నవారు, గర్భిణీ స్త్రీలు కుసుమ పూల కషాయమును మామూలు దినములలో కూడ త్రాగరాదు.

మూడవది అన్నింటికంటె సులభముగా అర్థమగునది. పక్షవాతము వచ్చినవారికి మ్రింగుట సరిగా రాదు. గొంతులో పోసినది పొట్టలోనికి పోక ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కషాయము సంగతి అటుంచి, మంచినీళ్ళు కూడ ప్రమాదమే.

ఎలుకకు పనిచేసినది మనిషికి పనిచేయదా?

ఈ ప్రశ్నను చదువుకొన్న యువరైతులు నన్ను తరచుగా అడుగుచున్నారు. ఫోనులో ఎవరో సరస్వతి ఆకు, అశ్వగంధ, నల్లమల వేళ్ళు మెదడు కణములను కాపాడునని చెప్పగా వినుచున్నారు. అట్టి మొక్కలపై ప్రయోగశాలలలో పని జరిగిన మాట నిజము. అయితే ఈ రంగములో ఒక కఠినమైన లెక్క ఉన్నది. పక్షవాతములో మెదడును కాపాడునని ప్రయోగశాలలలో పరీక్షింపబడిన చికిత్సలను 2006లో కొందరు శాస్త్రజ్ఞులు ఒకచోట చేర్చి లెక్కించిరి. మొత్తము 1,026 తేలినవి. వాటిలో మనుషులవరకు వచ్చినవి 114. నాళమును తెరచు మందు, ఆస్పిరిన్ వంటి ఒకటిరెండు తప్ప, మెదడు కణములను నేరుగా కాపాడునన్నవేవియు అప్పటికి మనుషులలో నిలువలేదు.

కారణములు పైరు పరీక్షలు చేయు మాబోటివారికి కొంత తెలిసినవే. పరిశోధనా క్షేత్రములో నీరు, ఎరువు, కలుపు అన్నియు మన చేతిలో నుండగా ఒక రకము బ్రహ్మాండముగా పండును. అదే విత్తనము రైతు చేనిలో వేసిన ఆ దిగుబడి రాదు. ప్రయోగశాలలోని ఎలుక వయసులో ఉన్నది, జబ్బులేనిది. దాని నాళమును ఏ నిమిషమున మూసిరో తెలియును, మందు ఆ వెంటనే ఎక్కింతురు, కొన్నిసార్లు ముందుగనే ఎక్కింతురు. మనిషి అరువది యేండ్లవాడు, బీపీ, చక్కెరజబ్బు ఉన్నవాడు, ఊరినుండి ఆసుపత్రికి గంటలు గడచిన తరువాత చేరువాడు. మందు చేరునప్పటికి కాపాడదగిన అంచుభాగమే మిగిలియుండదు.

అయినను ఆశ పూర్తిగా లేకపోలేదు. కొత్తిమీర, వాము కుటుంబమునకు చెందిన సెలరీ అను మొక్క ఉన్నది. మనదేశములో దాని గింజలు ముఖ్యముగా పంజాబులో పండును. ఆ గింజలలో గుర్తించిన బ్యూటైల్‌ఫ్తలైడ్ అను పదార్థమును చైనాలో 2002లో పక్షవాతపు మందుగా అనుమతించిరి. 2023లో అచ్చటి పరీక్ష యొకటి ప్రచురితమైనది. 1,216 మంది రోగులలో సగముమందికి ఈ మందు, మిగిలినవారికి మందులేని నకిలీ ఇచ్చి 90 దినముల తరువాత చూడగా, బాగుగా కోలుకొన్నవారు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 56.7, పుచ్చుకొననివారిలో 44 ఉండిరి. ఇది చిన్న తేడా కాదు. అయితే ఒక సంగతి గమనింపుడు. ఆ రోగులందరు 6 గంటలలోపల ఆసుపత్రికి చేరినవారు. వారికి గడ్డను కరిగించుటయో, లాగివేయుటయో జరుగుచునే ఉన్నది. మొక్కమందు దానికి తోడుగా ఇచ్చినదే గాని, దాని బదులు ఇచ్చినది కాదు. పెళ్ళను తీయక అంచుపైరుకు ఎరువు వేసిన ప్రయోజనమేమి?

రైతు దృష్టితో మరొక మాట. ఈ మందును సెలరీ గింజలనుండి పిండి తీయుట లేదు, ఫ్యాక్టరీలో రసాయనములతో తయారుచేయుచున్నారు. మొక్కలో మందు దొరకినదన్న వార్త రాగానే ఆ మొక్కకు గిరాకి వచ్చునని తలంచి ఎకరాలకొలది వేయువారు దీనిని గుర్తుంచుకొనవలెను. మందుమొక్కల పేరున మొలకలు అంటగట్టి, పంట వచ్చునాటికి కనుపించకుండపోయిన వర్తకుల కథలు మన జిల్లాలలో చాలమందికి అనుభవమే.

కుసుమనూనె సంగతి

పూరేకులలోని పసుపు పదార్థమునకు కుసుమనూనెకు సంబంధము లేదు. అది రేకులలో ఉన్నది, నూనె గింజలో ఉన్నది. కుసుమనూనె తినినచో పక్షవాతము రాదని అమ్మువారి మాట నమ్మి అధికధర పెట్టనక్కరలేదు. అది మంచి వంటనూనెయే. మామూలు రకములలో నూటికి సుమారు 75 వంతులు లినోలియిక్ ఆమ్లము. అయితే ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరములో 1966-73 మధ్య గుండెజబ్బు ఉన్న 458 మంది పురుషులపై జరిగిన పరీక్షలో, జంతువుల కొవ్వు మానిపించి కుసుమనూనె పెట్టినవారిలోనే మరణములు ఎక్కువైనవని 2013లో ఆ పాత లెక్కలను తిరగదోడినవారు తేల్చిరి. అందువలన మన ఇండ్లలో కుసుమనూనె తినరాదని అర్థము కాదు, అది ఔషధము కాదని మాత్రమే.

పక్షవాతమును రాకుండ ఆపుకొనుటలో అన్నింటికంటె ముఖ్యమైనది రక్తపుపోటు. దాని వలన నొప్పి ఉండదు గనుక రైతు పట్టించుకొనడు. ఉపకేంద్రమునకు పోయి బీపీ చూపించుకొనుటకు పూట కూడ పట్టదు. మాత్రలు వాడుచు, బాగానే ఉన్నదిగదా యని మధ్యలో మానివేయువారే పక్షవాతమునకు ఎక్కువగా గురియగుచున్నారు. ఉప్పు దినమునకు మనిషికి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఒక చిన్న చెంచా. జొన్నరొట్టెలోనికి తొక్కు మాత్రమే నంజుకొను అలవాటున్న మన ప్రాంతములో ఆ చెంచా ఒక్కపూటలోనే దాటిపోవును. బీడీ, సారాయి సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఆ గడియ వచ్చినపుడు

గ్రామాధికారులు, పంచాయతీ కార్యదర్శులు ఈ భాగమును కచేరిలోను, రచ్చబండవద్దను పదిమందికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాను.

అనుమానము కలిగినపుడు మనిషిని నవ్వమనుడు, మూతి ఒక ప్రక్కకు పోవునేమో చూడుడు. రెండు చేతులు ముందుకు చాపి పట్టుకొనుమనుడు, ఒకటి క్రిందికి జారునేమో చూడుడు. పేరో, ఊరో చెప్పుమనుడు, మాట తేడాగా వచ్చునేమో వినుడు. వీటిలో ఒక్కటి కనుపించినను వెంటనే 108కి ఫోను చేయవలెను. కొన్ని నిమిషములలో దానంతటదే తగ్గినను పోవలసినదే, అది పెద్దదానికి ముందు వచ్చు హెచ్చరిక. మనిషి బాగుగానున్నట్లు చివరిసారి చూచిన సమయమెంతయో కాగితముపై వ్రాసి వెంట పంపవలెను. డాక్టరుకు అన్నింటికంటె కావలసినది ఆ సమయమే. పడుకొని లేచుసరికి చేయి పడిపోయియున్నచో, పడుకొన్న సమయము వ్రాయవలెను. నోటిలో ఏమియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. ఆముదపు మర్దన, పావురపు రక్తము పూయుట, ఫలాని ఊరిలో పసరు పోయుదురని అటు తీసికొనిపోవుట, ఇవన్నియు గడువును తినివేయునవే. మర్దన చేయదలచినవారు ఆసుపత్రినుండి వచ్చిన తరువాత, డాక్టరు చెప్పిన వ్యాయామములతోపాటు చేసికొనవచ్చును. దానివలన కీడు లేదు.

ఇంకొకటి. ఏ ఆసుపత్రియైనను సరిపోదు. రాత్రింబగళ్ళు తలకు స్కాన్ తీయగల ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఎక్కడ ఉన్నదో, గడ్డ కరిగించు సూదిమందు అక్కడ ఇత్తురా యని ముందుగానే విచారించి పంచాయతీ గోడపై వ్రాయించుడు. స్కాన్ లేనిచోటికి పోయి, అక్కడనుండి వేరొకచోటికి పంపగా, రెండు ప్రయాణములలో గడువు దాటిపోయినవారున్నారు. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు 2016లో విభజింపబడిన తరువాత అనేక మండలములకు జిల్లాకేంద్రము మారినది. దగ్గర ఆసుపత్రి పాత జిల్లాకేంద్రములోనే ఉండనక్కరలేదు, పొరుగు జిల్లాలో కూడ ఉండవచ్చును.

ఇక పంట సంగతి

ఇంత చదివిన తరువాత, అయితే కుసుమ వేయవద్దా సారూ యని మీరడుగుదురు. తప్పక వేయుడు, గింజకొరకు వేయుడు. వానాకాలము పెసర తీసిన నల్లరేగడిలో, నీటివసతి లేకున్నను, నేలలో నిలిచిన తేమతో వచ్చు పంట ఇది. వేరు లోతుకు పోయి అడుగు తేమను తీసికొనును. అక్టోబరు రెండవ పక్షమునుండి నవంబరు మొదటివరకు విత్తవలెను. ఎకరమునకు 4 కిలోల విత్తనము చాలును. వరుసకు వరుసకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు. ముండ్లవలన పశువులు, అడవిపందులు అంతగా తొక్కవు. మన పెద్దలు యాసంగి జొన్న చుట్టు కుసుమ సాళ్ళు వేసినది అందుకే. పేనుబంక దీని ముఖ్య శత్రువు, ఆలస్యముగా విత్తిన చేలకు ఎక్కువగా పట్టును. తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానమునుండి వచ్చిన టీఎస్ఎఫ్-1 మన నేలలకు తగిన రకము. కేంద్రప్రభుత్వము కనీస మద్దతు ధర ప్రకటించు యాసంగి పంటలలో కుసుమ కూడ ఒకటి. నల్లగొండ వైపు చల్క నేలలు ఎక్కువ. వాటిలో దీనిని బలవంతముగా వేయవద్దు, చల్కకు ఆముదమే తగినది.

పూరేకులు ఏరదలచినవారు ముండ్లులేని రకమును కొద్ది విస్తీర్ణములో వేసికొనవచ్చును. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు తీసిన నారి-6 అట్టిది. అదే సంస్థవారు ఎండిన రేకులతో తేయాకువంటి పానీయమును కూడ తయారుచేసిరి. రేకులు పసుపునుండి నారింజ, ఎరుపునకు తిరిగి వాడుచున్నపుడు తీయవలెను. అప్పటికి గింజ కట్టుట జరిగిపోయియుండును గనుక దిగుబడి తగ్గదు. పచ్చిగా, పసుపుగా ఉన్నపుడు పీకినచో గింజకు నష్టము. ఉదయము మంచు ఆరకముందు ఏరినచో ముండ్లు మెత్తగా ఉండి చేతికి గుచ్చుకొనవు. నీడన, పలుచగా ఆరబెట్టవలెను, ఎండ తగిలిన రంగు చెడును. రేకులు తీయు చేనిలో పూత మొదలైన తరువాత పురుగుమందు చల్లరాదు.

అమ్మకము సంగతి ముందు తేల్చుకొని తరువాత ఏరుడు. సహజరంగులు తయారుచేయువారు, మూలికల వర్తకులు కొందరు కొనుచున్నారు గాని, మార్కెట్ యార్డులో గింజలవలె ఏ దినమైనను అమ్ముడుపోవు సరుకు కాదు. కూలి పెట్టి ఏరించినచో గిట్టుబాటు కాకపోవచ్చును. ఇంటిల్లిపాది ఉదయపుపూట ఏరుకొనగలిగినచో లాభమే. ఎండిన రేకులు చూచుటకు కుంకుమపువ్వువలె ఉండును. అట్లని చెప్పి అమ్ముమని కొందరు దళారులు ఆశ చూపుదురు. అది కల్తీ నేరమగును.

నేను పైన చెప్పిన రైతు ఈ యేడు కూడ రెండెకరముల కుసుమ వేసినాడు. ఎడమచేతి వ్రేళ్ళు ఇంకను కొడవలి పట్టునంతగా ముడుచుకొనుట లేదు గనుక కోత కూలీలతోనే. ఆయన భార్య రేకులు ఏరుటకు అనువైన సమయమేదని అడుగగా చెప్పితిని. డబ్బాలో మిగిలిన పాత రేకులు ఏమి చేయవలెనని కూడ అడిగినది. చేతిగుడ్డకు రంగు వేసి చూడుమంటిని. వేసినది, పసుపురంగు బాగుగానే పట్టినది.